మాటున నున్న రచయిత



నేటి ప్రసంగమున నొక చిన్న పుస్తకమును గుఱించి మీతో ముచ్చటింప దలచితిని. అమెరికా దేశమున 1927వ సంవత్సరమున బాలుర కొఱకు అచ్చుపడిన యొక అపరాధ పరిశోధక నవల యది. ఇద్దఱన్నదమ్ములు ఒక దొంగతనమును శోధించి, నేరము చేయని వానిని నిందనుండి విడిపింతురు. కథ యింతే. వ్యాకరణములు, ప్రబంధములు చదివి, బడిపంతులుపని చేసి, అఱువదియేండ్లు దాటిన వానికి ఇట్టి పిల్లల పుస్తకముతో నేమి పని యని మీ రడుగవచ్చును. పని యున్నది. ఆ పుస్తకపు అట్టమీద నొక రచయిత పేరు కలదు. ఆ పేరుగల రచయిత యీ భూమిమీద నెన్నడును లేడు. వ్రాసినవాని పేరు ఆ పుస్తకమున నెచ్చటను లేదు. కథలోని దొంగ జాడను ఆ సోదరులు కొలది కాలములోనే కనుగొనిరి గాని, కథ వ్రాసినవాని జాడను పాఠకలోకము కనుగొనుటకు దాదాపు ఏబదియేండ్లు పట్టినది. ఆ రెండవ శోధనయే నేటి మన విషయము.

ముందు కథను వినుడు. ఆ నవల పేరు "ది టవర్ ట్రెజర్". గోపురములోని నిధి యని మనము చెప్పుకొనవచ్చును. బేపోర్టు అను కల్పిత పట్టణ మొకటి. అచ్చట ఫెంటన్ హార్డీ యను పేరుపొందిన డిటెక్టివు కాపురముండును. అతని కిద్దఱు కొడుకులు. పెద్దవాడు ఫ్రాంకు, పదునాఱేండ్లవాడు. చిన్నవాడు జో, అన్నకంటె నొక యేడు చిన్న. ఇరువురును బడిలో చదువుకొను వారే. తండ్రివలె పరిశోధకులు కావలెనని వారి కోరిక. తల్లిదండ్రులు మాత్రము ఒకడు వైద్యుడును, ఒకడు న్యాయవాదియు కావలెనని కోరుదురు. ఈ తగవు మన యిండ్లలోను లేకపోలేదు.

ఒకనాడు అన్నదమ్ములు మోటారు సైకిళ్లపై పోవుచుండగా, ఎఱ్ఱని జుట్టువా డొకడు కారు నతివేగముగా నడపుకొనిపోయి, వారిని దారి ప్రక్కకు నెట్టివేసినంత పని చేసెను. ఆనాడే వారి స్నేహితుడు చెట్ మార్టన్ అనువాని పసుపుపచ్చ కారు మాయమయ్యెను. తరువాత, ఆ యూర గోపురములుగల పెద్దయింటిలో నుండు ఆపిల్‌గేటు అను ధనికుని నగలును, బాండు పత్రములును దొంగలపాలయ్యెను. ఆపిల్‌గేటు తపాలాబిళ్లలను సేకరించుటయే వ్యాపకముగా గల ముసలివాడు. అతని సోదరియు నాయింటనే యుండును. వారి యనుమానము ఇంటి బాగోగులు చూచు రాబిన్సన్ అను నౌకరుమీద పడినది. ఏలయన, సరిగా నా రోజులలోనే రాబిన్సన్ తొమ్మిదివందల డాలర్ల యప్పు తీర్చివేసెను. సొమ్మెక్కడిదని యడిగిన చెప్పడు. కొలువు పోయినది. కుటుంబము బీదవాడకు చేరినది. అతని కొడుకు, హార్డీ సోదరుల సహపాఠి, చదువు మాని కూలి వెదకికొనవలసిన వాడయ్యెను.

గమనింపుడు. దొంగిలినది నగలే. పోయినది మాత్రము ఒక పిల్లవాని చదువు, ఒక యింటి పరువు. బాలుర కొఱకు వ్రాసిన కథలో ఈ బరువును పెట్టుట చిన్న విషయము కాదు. నగలు దొరకిన దొరకకపోయిన మన మనసునకు పట్టదు; రాబిన్సన్ ఇల్లు మరల నిలువవలెనని మాత్రము ప్రతి పుటయందును తోచును.

ఎఱ్ఱజుట్టు పెట్టుడుజుట్టని తేలినది. దొంగ యెవడో తెలిసినది. వాడు రైలుదారిమీది ప్రమాదములో దెబ్బతిని ఆసుపత్రిలో ప్రాణము విడుచుచు, దొంగిలిన సొత్తును "పాత గోపురము"లో దాచితినని మాత్రము చెప్పి పోయెను. ఆపిల్‌గేటు ఇంటికి రెండు గోపురములు. ఒకటి పాతది, ఒకటి క్రొత్తది. రెంటిని గాలించిరి. చిల్లిగవ్వయు లేదు. రాబిన్సన్‌మీది యనుమానము మఱింత బలపడినది. తుదకు అన్నదమ్ములకు తట్టిన సంగతి యిది: ఆ దొంగ పూర్వము రైలుదారిలో పనిచేసినవాడు. గోపురమనగా ధనికుని మేడమీదిదే కానక్కఱలేదు. ఆవిరి యింజనులకు నీరు పట్టుటకు దారిప్రక్క కట్టిన పాడుపడిన నీటిగోపుర మొకటి యుండెను. నిధి యందుండెను. అన్నదమ్ములకు వేయి డాలర్ల బహుమానము దక్కినది. రాబిన్సన్ నిర్దోషి యని తేలి మరల కొలువున ప్రవేశించెను.

ఒకే మాటకు రెండర్థము లున్నవి. దొంగ యొక యర్థమున పలికెను. విన్నవారు వేఱొక యర్థమున గ్రహించిరి. శ్లేష చదివిన మనకు ఈ చమత్కారము క్రొత్త కాదు. పిల్లలకు మాత్రము ఇది గొప్ప పాఠము. విన్న మాటను వెంటనే తనకు తెలిసిన వస్తువునకు కట్టివేయరాదని ఏ తర్కపాఠముకన్నను తేటగా నేర్పును.

ఈ కథలో హాస్యమునకు కొదువలేదు. ఆ యూరి పోలీసు అధికారి కాలిగ్, అతని క్రింది డిటెక్టివు స్మఫ్ అనువారు కండబలమున్నంత బుద్ధిబలము లేనివారు. ఆసుపత్రిలో నున్న దొంగను వారు ముందుగా కలిసికొన్నచో వ్యవహారమంతయు చెడిపోవునని తలచి, ఆ సోదరుల మిత్రబృందము వారిని రైలునకు అందకుండ చేయుటకు ఉపాయము పన్నెను. ఒక పెట్టెలో మ్రోగు గడియారమును పెట్టి పండ్లంగడి బల్లక్రింద నుంచిరి. టిక్కుటిక్కుమను చప్పుడు విని అది బాంబని యూరివారు హడలిపోయిరి. పోలీసువారు దానిచుట్టు మూగి నానా పాట్లు పడునంతలో రైలు కాస్త వెడలిపోయినది. బడిపంతులుగా నే నీ చేష్టను మెచ్చుకొనను. చదువుచున్నప్పుడు నవ్వాగలేదన్న మాటను దాచుటయు ధర్మము కాదు.

ఇంకొక ప్రశ్న. పరిశోధకు డొక్కడే యుండక, అన్నదమ్ము లిద్దఱేల? తెలుగు పాఠకులకు కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరుడును, అతని సహాయకుడు రాజును తెలిసినవారే. ఇట్టి కథలలో శోధించువానికి తోడొకడు కావలెను. ఒంటరివాని యూహలు వాని తలలోనే యుండిపోవును. తోడున్నచో అవి సంభాషణగా బయటికి వచ్చును. పాఠకుడును వారితో కూర్చుండి ఆలోచించును. అయితే సహాయకుడు జీతగాడో మిత్రుడో కావలెను. వా డెందులకు వచ్చెనో, ఎందులకు విడువడో చెప్పవలెను. అన్నదమ్ములకు ఆ జోలి లేదు. ఒకే కంచమున తిన్నవారు. ఒకే కప్పు క్రింద పడుకొన్నవారు. ఒకడు నిదానస్థుడు, ఒకడు తొందరపాటు గలవాడు. ఒకని లోపము మఱియొకనిచే తీఱును. వారు తగవులాడినను విడిపోరు. ఈ రహస్యమును కనిపెట్టి, వ్యాపారముగా మలచినవా డొక డున్నాడు. ఇక నాతని వద్దకు పోవుదము.

అతని పేరు ఎడ్వర్డ్ స్ట్రాటమేయర్. 1862లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, జర్మను దేశమునుండి వచ్చిన కుటుంబమున పుట్టెను. స్వయముగా బాలుర కథలు వ్రాసి పేరు పొందెను. 1899లో రోవర్ బాయ్స్ అను సోదరుల కథలను మొదలుపెట్టెను. 1904లో రెండు జతల కవలలుగల బాబ్సీ కుటుంబపు కథలు బయలుదేఱినవి. తోబుట్టువుల జట్టుపై అతనికి గల నమ్మకము అప్పటినుండియు కనబడుచున్నది. తలలో పుట్టు కథలన్నిటిని తానొక్కడే వ్రాయజాలనని గ్రహించి, 1905 ప్రాంతమున ఒక రచనాశాలను స్థాపించెను. దానిని స్ట్రాటమేయర్ సిండికేటు అందురు.

ఆ శాలలో పని జరుగు తీరు వినదగినది. కథ యెట్లు మొదలగునో, ఎట్లు ముగియునో, ఏ ప్రకరణమున నేమి జరుగునో యజమాని కొలది పుటలలో వ్రాయును. ఆ చిత్తును కూలికి వ్రాయు రచయితకు పంపును. రచయిత దానిని రెండువందల పుటల పుస్తకముగా పెంచి తిరిగి పంపును. యజమాని దిద్ది, అచ్చువారికిచ్చును. అట్టమీద నొక కల్పిత నామము. హార్డీ సోదరుల కథలకు ఫ్రాంక్లిన్ డబ్ల్యు. డిక్సన్ అను పేరు పెట్టిరి. రచయితకు ఒక్కసారిగా ముట్టు సొమ్ము తప్ప, అమ్మకములో పాలు లేదు, పేరు లేదు. తా నీ పుస్తకము వ్రాసితినని చెప్పుకొననని కాగితముమీద సంతకము చేయవలెను. ఒకడు మానుకొన్నను వేఱొకడు వ్రాయును. డిక్సను మాత్రము చావడు. యజమానికి కావలసినది ఈ చిరంజీవిత్వమే.

అతనిని కేవలము స్వార్థపరుడని త్రోసివేయరాదు. ఆ దినములలో అట్టవేసిన మంచి పుస్తకము ఒక డాలరునకు పైగా నమ్ముడుపోవుచుండగా, స్ట్రాటమేయర్ పుస్తకములు అర్ధడాలరునకే దొరకునట్లు చేసెను. లాభము తక్కువైనను అమ్మకము హెచ్చగునని ప్రచురణకర్తలను ఒప్పించెను. తండ్రుల దయకొఱకు కాచుకొనక, పిల్లలు తమ చేతి డబ్బుతోనే పుస్తకము కొనుక్కొనగలిగిరి. గ్రంథాలయాధికారులు కొందఱు వీటిని నిరసించిరి. ఇవి పిల్లల మెదళ్లను చెఱచునని 1914లో బాలచరుల సంఘపు గ్రంథాలయాధికారి యొకరు పత్రికలో తీవ్రముగా వ్రాసిరి. పిల్లలు మాత్రము చదువుట మానలేదు.

1926లో ఒక పత్రికా ప్రకటన వెలువడెను: ఇచ్చిన కథాసంగ్రహములను పెంచి వ్రాయగల అనుభవశాలియైన రచయిత కావలెనని. మసాచుసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున నొక పత్రికలో విలేఖరిగా నున్న యువకుడు దానికి జవాబు వ్రాసెను. ఆ యువకుడు లెస్లీ మెక్‌ఫార్లేన్. 1902లో కెనడా దేశమున, ఒంటారియో రాష్ట్రమున పుట్టినవాడు. హెయిలీబరీ యను చిన్న గనులపట్టణమున పెరిగినవాడు. అతడు కొలువు విడిచి, కెనడాకు పోయి, ఒక సరస్సు ఒడ్డున చిన్న యింట కూర్చుండి వ్రాత మొదలుపెట్టెను. మొదట వేఱొక పేరుతో సముద్రయాన సాహసములు వ్రాసి యిచ్చెను. పిదప హార్డీ సోదరుల కథ అతనిచేతికి వచ్చినది. 1927లో మూడు పుస్తకములు ఒక్కమాఱే వెలువడినవి. పాఠకుల రుచి చూచుటకు అట్లు మూడేసి పుస్తకములు కలిపి విడుచుట ఆ శాల పద్ధతి. ఒక్కొక్క పుస్తకమునకు అతనికి ముట్టినది 125 డాలర్లు.

యజమాని పంపిన చిత్తు ఎముకల గూడు వంటిది. అందు దొంగయు, గోపురమును, శోధనయు నున్నవి. రక్తమాంసములు మెక్‌ఫార్లేన్‌వి. పిల్లలు కథలో భోజనమును ఇష్టపడుదురని యెఱిగి, హార్డీవారి యింట వంటకములతో నిండిన విందులు పెట్టించెను. నోటిదురుసు గల మేనత్త గెర్ట్రూడు వచ్చి ఇల్లు సర్దుచు, మేనల్లుండ్రను తిట్టుచు, లోలోపల వారిపై ప్రాణము పెట్టుకొనియుండును. ఆమె రాగానే ఇంటిల్లిపాది యొదిగి కూర్చుండును. మన యిండ్లలో నిట్టి మేనత్తను ఎఱుగని వారెవరు?

పోలీసువారి పరిహాసము కూడ నతని కలము వలన బలపడినదే. కొంతకాలమునకు రచనాశాలనుండి వర్తమానము వచ్చినది: చట్టమును కాపాడువారి యెడల పిల్లలకు మఱికొంత గౌరవము కలుగునట్లు వ్రాయవలెనని. అతడు లొంగెను గాని, మనస్సు సమాధానపడలేదు. పెద్దవారును ఒక్కొక్కప్పుడు పొరబడుదురని, అధికారము గలవానికి బుద్ధియు కలదని నియమము లేదని పిల్లలు తెలిసికొన్నంత మాత్రమున లోకము కూలిపోదని తన అభిప్రాయముగా, ముదిమియందు తాను వ్రాసిన పుస్తకమున తెలిపెను. ఈ మాటపై మీరు నాతో వాదింపవచ్చును. గురువును గౌరవించుటకును, గురువు తప్పు చూచి కన్నులు మూసికొనుటకును భేద మున్నదని నా నమ్మకము. ముప్పదియేండ్ల పాఠశాలాజీవితమున, నా లెక్కలో దోషము చూపిన బాలుడే ముందుకు పోగా చూచితిని.

1930లో స్ట్రాటమేయర్ మరణించెను. ఆతని కూతురు హారియెట్ ఆడమ్స్ శాల భారమును వహించెను. అంతలో ఆర్థికమాంద్యము దేశములను క్రుంగదీసినది. మెక్‌ఫార్లేన్‌కు ఒక్కొక్క పుస్తకమునకు ముట్టు సొమ్ము 125 డాలర్లనుండి 100కు, పిదప 85కు దిగినది. అతనికి భార్యాబిడ్డలు కలరు. తన పేరుతో పత్రికలకు వ్రాయు కథలపై అతనికి ప్రేమ. అద్దెయప్పులు తీర్చునవి మాత్రము హార్డీ కథలు. ఆ కాలపు దినచర్యలో ఈ పనిపై అతని విసుగు స్పష్టముగా నున్నది. అయినను చేతికి వచ్చిన పనిని చెడగొట్టి పంపలేదు. మొదటి పదునాఱు గ్రంథములును, తరువాత కొన్నియు అతని చేతిమీదుగా వెడలినవే. 1947 నాటికి ఆ సంబంధము ముగిసినది. కెనడా ప్రభుత్వపు చలనచిత్రసంస్థలోను అతడు పనిచేసెను.

అతని కుమారుడు చిన్నవాడై యుండగా, తండ్రి పుస్తకముల బీరువాలో హార్డీ కథల వరుస చూచి, మీరును చిన్ననాట ఇవి చదివితిరా యని యడిగెనట. చదువుట కాదు, వ్రాసితినని తండ్రి చెప్పెను. బాలుడు నమ్మలేకపోయెను. ఊరిలోని పిల్లలందఱును ఎగబడి చదువు పుస్తకములు తన యింటనే పుట్టినవని ఆ పిల్లవానికి తెలియదు. తండ్రికి అది చెప్పుకొనదగిన గొప్ప యని తోచలేదు.

ఇప్పుడు లెక్క చూడుడు. ఈ ఒక్క "టవర్ ట్రెజర్" అమెరికాలో ఇరువది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. వ్రాసినవానికి దానివలన వచ్చినది మొదట చేతబెట్టిన 125 డాలర్లే. న్యాయస్థానమున నిలువగల ఒప్పందమే; ఒకరు మోసము చేయలేదు; ఒకరు మోసపోలేదు. మెక్‌ఫార్లేన్ కూడ తనను వంచించిరని మొఱపెట్టలేదు. ఒప్పుకొన్న సొమ్ము ముట్టినదనియే చెప్పెను. అయినను పొలము దున్నినవానికి కూలి యిచ్చి పంపిన పిదప, ఆ పొలము నూఱు పంటలు పండిన, వాని పేరైన తలచుకొనవలదా యను ప్రశ్న మనస్సును విడువదు.

రెండవ దెబ్బ 1959లో తగిలినది. ఆడమ్స్ గారు పాత పుస్తకములను తిరుగవ్రాయింప నారంభించిరి. 1973 వఱకు సాగిన యీ పనిలో మొదటి ముప్పది యెనిమిది గ్రంథములు మాఱిపోయినవి. ఇరువదియైదు ప్రకరణములు ఇరువదికి తగ్గినవి. అన్నదమ్ముల వయస్సు పదునెనిమిది, పదునేడు అయినది. పోలీసువారు మర్యాదస్థులైరి. ఈ మార్పునకు కారణము లేకపోలేదు. మూలమున నల్లజాతివారిని, చీనావారిని, ఇతర దేశములనుండి వచ్చినవారిని చులకనచేయు మాటలు పెక్కు లుండెను. ఏ జాతి పిల్లవాడైనను చదువదగిన పుస్తకమున అట్టి మాటలు తీసివేయుట మంచిపనియే. ఆ మాటలు మెక్‌ఫార్లేన్ కాలపు దోషమైనను, దోషము దోషమే. కాని కలుపుతో పాటు పైరును కోసిరి. హాస్యము సన్నగిల్లినది; ఇంపైన వర్ణనలు మాసినవి; సంఘటనలు మాత్రము పరుగులు తీసినవి. ఇదంతయు మూలరచయితతో చెప్పకయే జరిగినది. పేరు లేనివానిని అడుగుట యేల?

తాళపత్రములు చూచినవారికి పాఠభేదము లనగా నేమో తెలియును. లేఖకుడు తనకు తోచినట్లు దిద్దినచో కవి యెచ్చట నున్నాడో కనుగొనుట కష్టము. అక్కడ దోషము లేఖకుని ఆలస్యమో అజ్ఞానమో. ఇక్కడ అట్టమీద అదే పేరు, అదే రచయిత. లోపల మాత్రము వేఱు పుస్తకము. 1927లో తండ్రి చదివినదియు, 1960లో కొడుకు చదివినదియు ఒకటే యని వారిద్దఱును తలచుచుండిరి.

తుదకు సత్యము వెలికివచ్చినది. 1976లో మెక్‌ఫార్లేన్ తన జీవితకథను "గోస్ట్ ఆఫ్ ది హార్డీ బాయ్స్" అను పేర ప్రకటించెను. పరుల పేర వ్రాయువానిని ఇంగ్లీషువారు గోస్టు, అనగా దయ్యము, అందురు. పని కనబడును, మనిషి కనబడడు. ఆ దయ్యమునకు నరరూపము వచ్చిన మఱుసటి యేడే, 1977లో, అతడు కన్నుమూసెను. అదే శాలనుండి 1930లో వెలువడిన నాన్సీ డ్రూ కథల సంగతియు ఇట్టిదే. వానిని తానే వ్రాసితినని ఆడమ్స్ గారు లోకమునకు చెప్పుచుండిరి. 1980లో ప్రచురణకర్తల నడుమ వ్యాజ్యము నడువగా, న్యూయార్కు న్యాయస్థానమున మిల్డ్రెడ్ బెన్సన్ అను వృద్ధ పత్రికారచయిత్రి సాక్ష్యమిచ్చి, మొదటి గ్రంథములు తన కలమునుండి వెడలినవని నిరూపించిరి. 1993లో ఐయోవా విశ్వవిద్యాలయమున సభ చేసి ఆమెను గౌరవించిరి. 1991 మొదలు హార్డీ కథల పాత పాఠములు తిరిగి అచ్చుపడినవి. 2023 జనవరి 1వ తేదీతో "టవర్ ట్రెజర్" మూలపాఠము అమెరికాలో అందఱి సొత్తయినది. ఇప్పుడు దాని నెవరైన అచ్చువేయవచ్చును.

ఇట్టి తగవులు మన సారస్వతమునకు క్రొత్తవి కావు. రంగనాథ రామాయణ మని లోకము పిలుచు గ్రంథమున, గోన బుద్ధారెడ్డి తన తండ్రి పేర రచించినట్లున్నది. రంగనాథు డెవరో అను వాదము నేటికిని కలదు. క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని దని గ్రంథము చెప్పుచుండగా, శ్రీనాథునిదే యని వాదించిన పండితులు కలరు. అన్నిటికంటె నాకు ముందుగా జ్ఞప్తికి వచ్చువాడు ఎఱ్ఱన. నన్నయభట్టు అరణ్యపర్వమును నడుమ విడిచిపోయెను. దాదాపు మూడువందల యేండ్లకు ఎఱ్ఱన ఆ కొఱతను పూరించెను. పూరించి, తన కాలపు ప్రభువునకు గాక, నన్నయ కాలపు రాజరాజనరేంద్రునకే దాని నంకితము చేసెను. తన వాక్కు నన్నయ వాక్కువలె మొదలై, తిక్కన వాక్కులో కలియునట్లు తీర్చెను. పరుని మాటున నిలుచుట యన నిదియే గదా?

మఱి ఎఱ్ఱనకును, మెక్‌ఫార్లేన్‌కును భేదమేమి? ఎఱ్ఱన భక్తిచే దాగెను. మెక్‌ఫార్లేన్ అప్పుచే దాగెను. ఎఱ్ఱనను తెలుగువారు దాగనీయలేదు. ఇదియతనిదని ప్రతి తరమును తరువాతి తరమునకు చెప్పినది, కవిత్రయమున స్థానమిచ్చినది. మెక్‌ఫార్లేన్‌ను దాచుటకు కాగితమును, సంతకమును అడ్డుపెట్టిరి. తన్ను తాను మఱుగుపఱచుకొనుట వినయము. ఇతరుని మఱుగుపఱచుట వ్యాపారము. రెంటికిని అట్టమీద ఒకే గుర్తు పడినను, లోకము రెంటిని ఒక్కటిగా తలపరాదు.

కథను చిత్తుగా నల్లినవాని పాలు లేదని నే ననను. స్ట్రాటమేయర్ తలపు లేనిచో ఆ సోదరులే లేరు. యాజమాన్యము వేఱు, కర్తృత్వము వేఱు. ఇల్లు కట్టించినవాడు యజమాని. గోడ నిలిపినవాడు మేస్త్రి. ఇంటికి యజమాని పేరు పెట్టుట లోకరీతి. మేస్త్రి యెవరని యడిగినపుడు మాత్రము, మేస్త్రియే లేడనరాదు.

రాబిన్సన్‌పై పడినది చేయని నేరము. మెక్‌ఫార్లేన్‌కు దక్కనిది చేసిన పని. ఒకనికి లేనిది అంటగట్టుటయు, ఒకనికి ఉన్నది తీసివేయుటయు రెండును అసత్యములే. మొదటిదాని కొఱకు మనము ఠాణాకు పరుగెత్తుదుము. రెండవదానికి ఏ ఠాణాయు లేదు. పెద్దల జ్ఞాపకమే దానికి న్యాయస్థానము.

పెద్దలారా, మీ యూరి రామమందిరమున పాడు భజనకీర్తనలలో కొన్ని మీ తాతలనాటి వాడొకడు కట్టినవే కావచ్చును. వీథిభాగవతపు ప్రతిని ఏ కరణమో, ఏ బడిపంతులో, ఏ సాలెవాడో వ్రాసియుండవచ్చును. మీ యూరి దేవళపు స్థలపురాణము ఎవరో యొకరి నోట నిలిచి నేటికి వచ్చినది. ఆ పేరులు మీలో కొందఱికి తెలియును. మీ మనుమలకు తెలియవు. వారి నొకనాటి సాయంకాలము పిలిచి, ఇది ఫలానావాడు కట్టినది, ఇతడు ఫలానావారి యింటివాడు అని చెప్పి, నోటుపుస్తకమున సంవత్సరముతో సహా వ్రాయింపుడు. దొంగ సొత్తును వెదకి పట్టుట ఎంత పుణ్యమో, కర్త పేరును వెదకి నిలుపుట యంతకు తక్కువ కాదు. దానికి మోటారు సైకిలు అక్కఱలేదు. అరుగుమీద చాప పఱచిన చాలును.

సెలవు.